కుట్లు తీశాక
(విజయవాడలో శస్త్రవైద్యుల సమావేశంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూర్చున్నామో ఆయన పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. నేను మాత్రం దాన్ని నోటితో అనను. ఆయన ఉన్నన్నాళ్ళూ పేరుతో ప్రస్తావించే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది, ఇప్పుడు కొత్తగా తెచ్చుకుంటే బాగుండదు. మాకు ఆయన ‘సర్’. వార్డులో ఆయాలకీ, రోగుల వెంట వచ్చినవాళ్ళకీ ‘పెద్ద డాక్టరుగారు’. అచ్చు వేసేటప్పుడు కూడా పేరు లేకుండానే వేస్తామని వాళ్ళమ్మాయిని అడిగి ఒప్పించాను. “నాన్న ఉంటే అదే చెప్పేవాడు లెండి” అందావిడ.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం ‘సర్జరీ పీజీ శిక్షణ నడిపే పెద్దల పరిశోధన ఉత్పాదకత’. మనం డెల్టావాళ్ళం. ఉత్పాదకత అనగానే ఎకరానికి ఎన్ని బస్తాలన్న లెక్కే నా చెవిన పడుతుంది. ఎవరైనా వచ్చి మాకు ఎకరానికి నలభై అయ్యాయని గొప్పగా చెబితే మా నాన్న రెండే అడిగేవాడు: తేమ ఎంత, తాలు ఎంత. పేపర్ల లెక్క చెప్పేవాళ్ళను ఈ రెండూ అడిగే మనిషి కనబడడం లేదు.

అమెరికాలో డిపార్ట్‌మెంటుకు పెద్ద ఒకరుంటారు, రెసిడెంట్ల శిక్షణ చూసే ప్రోగ్రామ్ డైరెక్టర్ వేరే ఉంటారు. ఆ డైరెక్టర్లు ఎన్ని పేపర్లు రాశారు, వాటిని ఎందరు ఉటంకించారు అని అక్కడివాళ్ళు తరచూ లెక్కలు కడుతుంటారు. వాళ్ళ కొలబద్ద హెచ్-ఇండెక్స్. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త దాన్ని ప్రతిపాదించాడు. మీ పేపర్లలో పదింటిని ఒక్కోదాన్ని కనీసం పదిసార్లు ఇతరులు ఉటంకిస్తే మీ హెచ్-ఇండెక్స్ పది. మన దగ్గర ఈ లెక్క కట్టాలంటే ముందు ఎవరిది కట్టాలో తేల్చుకోవాలి. హెచ్‌ఓడీ, యూనిట్ చీఫ్, థీసిస్ గైడ్, పరీక్షల నాటికి ఎగ్జామినర్, కొన్నిచోట్ల ఆసుపత్రి సూపరింటెండెంట్, అన్నీ ఒకే మనిషి. ఉదయం ఓపీలో రెండొందల మందిని చూసి, మధ్యాహ్నం ఆక్సిజన్ సరఫరా మీద కలెక్టర్ గారి సమీక్షకు వెళ్ళొచ్చి, సాయంత్రం పీజీ తెచ్చిన పట్టిక ముందు కూర్చునే మనిషి. ఆ పట్టిక ముందు ఆయన ఏం చేస్తాడన్న దాని గురించే ఇవాళ నా మాట.

దేశం పరిస్థితి ముందు చెప్పి పక్కన పెడతాను. సమ్రాట్ రే, ఇషాన్ షా, సమీరన్ నంది కలిసి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. నంది స్వయంగా పేరున్న జీర్ణకోశ శస్త్రవైద్యుడు. 2005 నుంచి 2014 దాకా పదేళ్ళలో 579 వైద్య సంస్థల నుంచి ఏమేం అచ్చయ్యాయో వెతికారు. 332 సంస్థల నుంచి ఒక్క పేపరూ లేదు. ఏడాదికి వందకు పైగా రాసినవి 25. దేశం మొత్తం ప్రచురణల్లో నలభై శాతం ఆ పాతికవే. నూటికి యాభై ఏడు పొలాలు పదేళ్ళు బీడు పడి ఉన్నాయన్నమాట.

బీడు చూసి సర్కారువారు ఊరుకోలేదు, నిబంధన తెచ్చారు. అసోసియేట్ ప్రొఫెసర్‌కు రెండు ప్రచురణలు కావాలి, ప్రొఫెసర్‌కు నాలుగు. 2020లో వచ్చిన సవరణ ప్రకారం మొదటి ముగ్గురు రచయితల్లో ఉండాలి, లేదా కరెస్పాండింగ్ ఆథర్ అయి ఉండాలి. కేస్ రిపోర్టు లెక్కలోకి రాదు. పీజీలకేమో ఐసీఎంఆర్ వారి చెన్నై సంస్థ ఆన్‌లైన్‌లో నడిపే పరిశోధన పద్ధతుల కోర్సు తప్పనిసరి చేశారు. ఆ కోర్సు మంచిదే, నేనూ చూశాను. ప్రచురణల నిబంధన మాత్రం పంటనీ పెంచింది, తాలునీ పెంచింది. డబ్బు కట్టించుకుని వారంలో అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. నాలుగో రచయితగా మిగిలినవాడు మూడోవాడితో మాట్లాడడం మానేసిన డిపార్ట్‌మెంట్లు నాకు తెలుసు. పేర్లు అడక్కండి.

ఇక సర్ దగ్గరికి వస్తాను. ఆయన పేరుతో అచ్చయిన పేపర్లు మూడు. ఇవాళ్టి నిబంధన ప్రకారం ఆయన ప్రొఫెసర్ కాలేరు. వన్‌టౌన్‌లో వర్తకులు వాడే ఎర్రగుడ్డ బైండు చిట్టా పుస్తకాలు కొని తెచ్చి, ప్రతి ఆపరేషన్‌నూ వాటిలో ఎక్కించేవారు. రోగి పేరు, ఊరు, వృత్తి, ఏం చేశాం, ఎవరు చేశారు. కుడివైపు పేజీలో సగం ఖాళీగా వదిలేసేవారు. ఆ ఖాళీ పైన ఒకే మాట ఉండేది: ‘తర్వాత’.

నేను పీజీ చేసింది 1980ల చివర్లో. నా థీసిస్ గజ్జల హెర్నియా మీద, యాభై కేసులు. అప్పటికి మనకింకా మెష్ అలవాటు కాలేదు, బస్సీనీ పద్ధతిలో కుట్టేవాళ్ళం. ఆరు నెలల తర్వాత ఎలా ఉన్నారో రాయాలి. యాభై మందిలో పంతొమ్మిది మంది తిరిగొచ్చి చూపించుకున్నారు, ముప్ఫైయొక్క మంది రాలేదు. థీసిస్ ఇవ్వడానికి ఇరవై రోజులుంది. టైపిస్టు దగ్గర లైను ఉంది, బైండింగు షాపులో ఇంకా పెద్ద లైను ఉంది. ఒక రాత్రి కూర్చుని ఆ ముప్ఫైయొక్క గడుల్లోనూ ‘బాధ లేదు’ అని రాసేశాను. అప్పుడు నాకు అది అబద్ధమనిపించలేదు. బాధ ఉంటే వచ్చేవాళ్ళే కదా అని సమాధానం చెప్పుకున్నాను.

సర్ పట్టిక చూశారు. పై నుంచి కింద దాకా వేలు పెట్టుకుని చదవడం ఆయన అలవాటు. ఇరవై ఏడో వరుస దగ్గర వేలు ఆగింది.

“ఈయన్ని ఎప్పుడు చూశావోయ్?”

నేను మాట్లాడలేదు.

“ఊరు కోడూరు అని ఉంది. అవనిగడ్డలో బస్సు మారాలి. రేపు సెలవు పెట్టుకుని వెళ్ళిరా.”

కేకలు లేవు, ఉపదేశం లేదు. ఇరవై ఎనిమిదో వరుస నుంచి మళ్ళీ వేలు పెట్టి చదువుకుంటూ పోయారు.

దివిసీమ దాకా వెళ్ళడం అదే మొదలు. 1977 ఉప్పెన తర్వాత కట్టించిన కాలనీలో చిన్న శ్లాబు ఇల్లు. ఆ రోగి కౌలు రైతు. నన్ను చూడగానే నులకమంచం వాల్చి, ఇంట్లోవాళ్ళను మజ్జిగ తెమ్మన్నాడు. నేను దగ్గమనకుండానే నాకు విషయం తెలిసిపోయింది, లుంగీ మీంచే గజ్జలో ఉబ్బు కనబడుతోంది. మూడో నెలలోనే తిరగబెట్టిందట. మరి ఎందుకు రాలేదని అడిగాను.

“మీరంతా అంత కష్టపడి చేశారు బాబూ. మళ్ళీ వచ్చిందంటే మీ మనసు కష్టపడుద్దని రాలేదు” అన్నాడు.

ముప్ఫైయేళ్ళకు పైగా హెర్నియాలు కుట్టాను. వాటి గురించి చదివినదంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. బాధ ఉన్నవాడు వస్తాడన్న నా సమాధానం తలకిందులైంది. బాగున్నవాడు బస్సు ఛార్జీ దండగని రాడు. బాగాలేనివాడు మన మొహం చూసి రాడు. మధ్యలో ఉన్న కొందరే తిరిగొస్తారు, వాళ్ళను చూసి మనం శాతాలు కడతాం.

తిరిగొచ్చాక సర్ పోస్టాఫీసుకు మనిషిని పంపి జవాబు కార్డులు తెప్పించారు. ఒక సగంలో మన ప్రశ్న, రెండో సగం రోగి రాసి డబ్బా‌లో పడేయడానికి. మిగిలిన ముప్ఫై మందికీ రాశాం. పద్నాలుగు జవాబులొచ్చాయి. చాలావరకు ఊళ్ళో బడిపంతులు చేతిరాత. వాటిలో మూడు తిరగబెట్టిన కేసులు. థీసిస్‌లో చివరికి వెళ్ళింది ఇది: చూసినవారు ఇరవై మంది, ఉత్తరం ద్వారా తెలిసినవారు పద్నాలుగు, తెలియనివారు పదహారు. వైవాలో బయటి ఎగ్జామినర్ ఈ ‘తెలియనివారు’ అన్న వరుస చూసి, ఇలా ఎవరూ రాయరే అన్నారు. సర్ టీ కప్పు కింద పెట్టి “అవునండీ” అని ఊరుకున్నారు.

బస్సీనీ పద్ధతి అని వందసార్లు అంటాం గాని ఆయన అసలు చేసిందేమిటో నాకూ చాలా కాలం తెలియదు. ఎడోవార్డో బస్సీనీ ఇటలీలోని పాదువాలో సర్జరీ ప్రొఫెసర్. 1890లో ఆయన జర్మన్ పత్రికలో 262 హెర్నియా ఆపరేషన్ల లెక్క ప్రచురించాడు. కుట్టు కొత్తదే, కాదనను. అసలు కొత్తదనం ఆ లెక్కలో ఉంది. రోగుల వెంటపడి ఏళ్ళ తరబడి చూసి, ఎన్ని తిరగబెట్టాయో కూడా అచ్చులో పెట్టాడు. హెర్నియా కుట్టడం, అది మళ్ళీ రావడం అప్పట్లో రెండూ మామూలే. ఎన్ని మళ్ళీ వచ్చాయో చెప్పడం మామూలు కాదు.

మన తీరంలోనూ ఇలా లెక్క రాసినవాళ్ళున్నారు. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు ఎం.జి. కిని. ఇవాళ ఆర్థోపెడిక్స్‌వాళ్ళు ఆయన పేరిట స్మారకోపన్యాసం నడుపుతారు కాబట్టి ఎముకల డాక్టరుగానే మనకు గుర్తు. 1937లో ఆయన, కె.వి. సుబ్బారావు కలిసి ‘ఇండియన్ మెడికల్ గెజెట్’లో క్యాన్సర్ సమస్య మీద ఒక వ్యాసం రాశారు. వార్డుకు వచ్చే క్యాన్సర్లు ఒంట్లో ఏ భాగానివో లెక్క చూసుకుంటే, మరో ఊళ్ళో అరుదైన అంగిలి క్యాన్సర్ ఇక్కడ తరచు. ఆ రోగుల అలవాటు అడ్డపొగ. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఆ అలవాటు ఎంత ఉండేదో మీలో పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు. అది అందరి కళ్ళముందూ ఉన్నదే. పుండునూ చుట్టనూ ఒకే కాగితం మీద రాసినవాళ్ళు అప్పటిదాకా లేకపోయారు.

ఆ కాగితం తర్వాత సంగతి చూడండి. 1945లో బొంబాయి నుంచి ఖనోల్కర్, సూర్యాబాయి ఈ అంగిలి క్యాన్సర్‌ను అమెరికా పత్రికలో వివరించారు. 1957లో మన డి. గోవిందరెడ్డి గారు, ఆయన సహచరుడు కోస్తాంధ్ర అంగిలి క్యాన్సర్ మీద రాశారు. 1971లో డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన మెహతా, గుప్తా తదితరులు 10,169 మంది పల్లెజనం నోళ్ళు తెరిపించి చూసి, బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో ప్రచురించారు. ఒక ఆసుపత్రి వార్డు రిజిస్టరు నుంచి పదివేల నోళ్ళ దాకా ముప్ఫై నాలుగేళ్ళ నడక. కినిగారి హెచ్-ఇండెక్స్ ఎంతో నేను వెతకలేదు. (అదే 1937లో అదే గెజెట్‌లో అప్పటి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద షార్ట్, పండిట్, రాఘవాచారి రాసిన వ్యాసం కూడా వచ్చింది. ఆ ఏడాది సంపుటం ఎక్కడైనా దొరికితే వదలకండి.)

లెక్క రాసినంత మాత్రాన అంతా సవ్యమేనని కాదు. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్, అక్కడి వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకసారి, 1889లో నిజాం డబ్బుతో లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను రప్పించుకుని మరోసారి క్లోరోఫారం కమిషన్ నడిపాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేశారు. ప్రపంచమంతా చదివిన నివేదిక అది. ఒక తెలుగు ప్రాంతపు వైద్య పాఠశాల నుంచి అంత ‘ఉత్పాదకత’ అంతకు ముందు లేదు, తర్వాత ఎన్నాళ్ళకో గాని రాలేదు. కాని క్లోరోఫారం గుండెకు హాని చెయ్యదని, శ్వాస ఒక్కటి చూసుకుంటే చాలని లారీ ముందే నమ్మి ఉన్నాడు. కమిషన్లు ఆయన నమ్మకాన్నే తిరిగి చెప్పాయి. మత్తు పలచగా ఉన్నప్పుడు క్లోరోఫారం గుండె లయను తప్పించి ఆపేయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. రోగి పోతే మత్తు ఇచ్చినవాడిదే తప్పని పాఠం చెప్పుకున్న ఆ రెండు దశాబ్దాల సంగతి తలుచుకుంటే నాకు నా ముప్ఫైయొక్క గడులే గుర్తొస్తాయి. ఆయన పెద్ద ఎత్తున చేసిన పని నేను చిన్న ఎత్తున చేశాను. రాయాల్సింది ముందే తెలుసు ఇద్దరికీ.

పేరు, లెక్క అన్నాం కాబట్టి భీమవరంవాడి మాట ఒకటి. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో అక్కడ పుట్టాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌనుతో ఆపరేషన్ థియేటర్‌కు వెళ్ళి సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం తెప్పించాడు, చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో బయటపడ్డాడు. తర్వాత అమెరికాలో ఆయన నడిపిన లెడర్లీ పరిశోధనశాలలోనే 1940ల్లో హెట్రజాన్ అనే ఫైలేరియా మందు పుట్టింది. బోదకాలు దోమలకు పుట్టినిల్లు మన డెల్టా. వరిబీజం ఆపరేషన్లు మన యూనిట్లలో ఎన్ని చేసుంటామో లెక్క లేదు. ఆ రోగికి మనం రాసిచ్చే ఫైలేరియా మాత్ర భీమవరంవాడి ప్రయోగశాల నుంచి వచ్చిందని ఎంతమంది పీజీలకు చెప్పామంటారు? కుర్రాళ్ళను పైకి తెచ్చి, తను వెనక నిలబడ్డ మనిషి. ఏ ఇండెక్సుకూ పూర్తిగా చిక్కడు.

ఇలా చెప్పుకుపోతే, పేపర్లు రాయనివాళ్ళే మహానుభావులని తేల్చేస్తున్నానని మీలో కొందరు కుర్చీల్లో కదులుతున్నారు. లేదు. సర్ మీద నాకో ఫిర్యాదుంది, ఆయన స్మారక సభలోనే చెప్పాలి. ఆయన పోయాక ఇంట్లో ఇరవై ఆరు చిట్టా పుస్తకాలు దొరికాయి. మన రోగులకు ఒక నమ్మకం ఉంది కదా, ఎండల్లో కోయించుకుంటే కుట్లు చీము పడతాయని. కోతలయ్యాక, సంక్రాంతి దాటాక వస్తారు. కాలవలు కట్టేసిన నెలల్లో ఎంత బతిమాలినా రారు. మేం నవ్వేవాళ్ళం. సర్ నవ్వలేదు. చీము పట్టిన ప్రతి గాయం దగ్గరా ‘తర్వాత’ గడిలో ఎర్రసిరా చుక్క పెట్టారు. మే, జూన్ పేజీల్లో ఆ చుక్కలు గుంపులు కట్టాయి. వేసవిలో శస్త్రచికిత్స గాయాలకు ఇన్‌ఫెక్షన్ పెరుగుతుందని అమెరికా ఆసుపత్రులు తమ లెక్కలు తీసి ప్రచురించే నాటికి, ఆయన చుక్కలు ఎన్నో ఏళ్ళుగా బీరువాలో ఉన్నాయి. మన నాయనమ్మల మాటను తేల్చగలిగిన పుస్తకం నాఫ్తలీన్ ఉండల మధ్య పడుకుంది. అచ్చు వెయ్యని లెక్క ఎంత నిజాయితీదైనా పక్క యూనిట్‌వాడికి అందదు. అందుకే నిబంధన పెట్టినవాళ్ళను నేను పూర్తిగా తప్పుపట్టను. వాళ్ళకు కావలసినది సరైనదే, అడిగిన తీరులో తేమ ఎక్కువ.

పెద్ద కాలేజీలో ఉంటేనే అవుతుందన్నది కూడా నేను ఒప్పుకోను. 1989లో లిక్టెన్‌స్టైన్ బృందం మెష్ పద్ధతిని ప్రచురించాక, ఆ మెష్ ఖరీదు మనవాళ్ళకు అందలేదు. మహారాష్ట్రలో దొండాయిచా అనే చిన్న ఊళ్ళో ఆసుపత్రి నడిపే డాక్టర్ టోంగావ్‌కర్, ఆయన సహచరులు దోమతెర గుడ్డను శుద్ధి చేసి హెర్నియాలకు వాడి, 2003లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ఆ లెక్కలు పెట్టారు. 2016లో ఉగాండాలో చేసిన పెద్ద పరీక్షలో దోమతెర మెష్, కంపెనీ మెష్ ఒకలాగే పనిచేశాయని తేలింది. టోంగావ్‌కర్ వెంట పీజీల గుంపు లేదు, హెచ్‌ఓడీ కుర్చీ లేదు.

మనకు కుర్చీలకు కొదవ లేదు. కృష్ణకు అటూ ఇటూ చూడండి. 1946 నాటి గుంటూరు వైద్య కళాశాల. సిద్ధార్థ అకాడమీ 1980లో మొదలుపెట్టగా తర్వాత ప్రభుత్వపరమైన గుణదల కాలేజీ. చినావుటపల్లి, చినకాకాని. 2018లో సిద్ధార్థ ఆవరణలోనే తొలి క్లాసులు నడుపుకున్న మంగళగిరి ఎయిమ్స్. 2023లో బందరు. గంటన్నర రెండు గంటల ప్రయాణంలో ఇన్ని సర్జరీ విభాగాలు. పైన 1986లో వచ్చిన ఆరోగ్య విశ్వవిద్యాలయం కూడా ఈ ఊళ్ళోనే. దాని పేరు మారింది, మళ్ళీ మారింది, థీసిస్ అట్టల మీద బంగారు అక్షరాలు మాత్రం మారలేదు. ప్రతిచోటా ఏటా ఎవరో ఒక పీజీ హెర్నియా మీదో, షుగరు పుండు మీదో యాభై కేసులు రాస్తాడు. మళ్ళీ ఏడాది పక్క కాలేజీలో ఇంకొకడు ఇంకో యాభై. ఎవరి యాభై వాళ్ళది.

స్వీడన్ 1992 నుంచి, డెన్మార్క్ 1998 నుంచి దేశమంతటికీ ఒకటే హెర్నియా రిజిస్టరు నడుపుతున్నాయి. డెన్మార్క్ జనాభా దాదాపు అరవై లక్షలు. ఉమ్మడి కృష్ణా జిల్లా ఒక్కదానికే 2011 జనగణనలో 45 లక్షలు. వాళ్ళకున్న సొమ్ము మనకు లేదంటారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి ప్రతి కేసుకూ ముందు ఫొటో, తర్వాత ఫొటో, స్కాను, ఆపరేషన్ నోట్సు, ఫోను నంబరు మనమే ఎక్కించాం. బిల్లు పాసయ్యాక, మందుల గడువు ముగిశాక ఆ ఫైలు మూసుకుంటుంది. ఆరో నెలలో ఒక్క ఫోను చేసే ఏర్పాటు మాత్రం అందులో లేదు. సగం నంబర్లు పనిచెయ్యవు, ఒప్పుకుంటాను. అప్పుడు ‘తెలియనివారు’ అన్న వరుస ఉండనే ఉంది.

నేను కోరేది చిన్న పని. కృష్ణకు ఇరుపక్కల ఉన్న విభాగాధిపతులు ఒక హెర్నియా పట్టికకు ఒప్పుకోండి, పదిహేను గడులు చాలు. కొత్త పీజీ పాత పీజీ రోగులకు ఫోను చెయ్యాలి, ఆ పనికి పేపర్లో పేరు దక్కాలి. మీరు చెయ్యాల్సింది నెలకోసారి ఆ పట్టిక మీద వేలు పెట్టుకుని పై నుంచి కిందికి చదవడం. ఒక వరుస దగ్గర ఆగడం. ఇది ఏ ఇండెక్సుకూ ఎక్కదు, నాకు తెలుసు. అయినా ఒక శిక్షణ విభాగానికి పెద్ద అయినవాడు పరిశోధన చేస్తున్నాడా లేదా అని నన్ను తనిఖీకి పంపితే, నేను ఆయన సీవీ అడగను, కిందటేడు థీసిస్ పట్టిక తెప్పించి, ఖాళీ గడులు ఎన్నున్నాయో చూస్తాను. ఒక్కటీ ఖాళీ లేకపోతే కంగారు పడతాను.

చివరిగా ఇరవై ఆరో పుస్తకం. రిటైరయ్యాక సర్‌కు కుడి గజ్జలో హెర్నియా వచ్చింది. నన్నే చెయ్యమన్నారు. మెష్ పెట్టాను, చేతులు వణికాయని ఇప్పుడు చెబితే ఫరవాలేదు. ఆ తర్వాత ఏటా అదే నెలలో నా ఓపీకి వచ్చేవారు. చీటీ తీసుకుని, వరుసలో నిలబడి, తన వంతు వచ్చాకే లోపలికి. వద్దంటే వినేవారు కాదు. “దగ్గమంటావా?” అని ఆయనే అడిగి దగ్గేవారు. చూశాక ఆ పుస్తకం నా ముందు పెట్టి “రాయి” అనేవారు. తన కేసు కూడా అందులో ఎక్కించుకున్నారు. వృత్తి అన్నచోట ‘విశ్రాంత ఉద్యోగి’ అని ఉంది.

వాళ్ళమ్మాయి పుస్తకాలు అప్పగించినప్పుడు ఆ పేజీ తీశాను. పదకొండు వరుసలు నా చేతిరాతే. కింద పన్నెండో వరుస రాశాను: ‘మరణం, వేరే కారణం. హెర్నియా తిరగబెట్టలేదు.’ తేదీ వేసి సంతకం పెట్టాను.